రెడ్ కల్లం

ఆ ఫిబ్రవరిలో మా ఇంట్లో గొడవ బట్టల తీగ దగ్గర మొదలైంది.

అత్తయ్య తన మంగళగిరి నేత చీర ఉతికి పెరట్లో తీగ మీద ఆరేశారు. తీగకి పది అడుగుల అవతల కల్లంలో మిరపకాయలు ఎండుతున్నాయి. సాయంత్రం ఆ చీర కట్టుకుని గుడికి వెళ్ళిన మనిషి, పూజ సగంలో ఉండగానే మెడంతా మంట పుట్టి ఇంటికి తిరిగొచ్చారు.

"నా తీగ పక్కన కాయలు పోయొద్దని చెప్పానా లేదా?" అన్నారు గుమ్మంలోంచే.

మామయ్య మంచం మీద కూర్చుని కాళ్ళకి నూనె రాసుకుంటున్నారు. "తీగ అవతలకి కట్టుకో," అన్నారు.

"ముప్పై ఏళ్ళ నుంచి ఆ తీగ అక్కడే ఉంది."

"కాయలూ ముప్పై ఏళ్ళ నుంచి అక్కడే పోస్తన్నాం."

"ఇన్నాళ్ళూ ఓర్చుకున్నా. ఇక నావల్ల కాదు."

"అయితే ఏంటి, నీ తీగ కోసం కల్లం ఎత్తేయమంటావా?"

అత్తయ్య కొంగుతో ముక్కు తుడుచుకున్నారు. "ఎత్తేయండి," అన్నారు.

అది ఆయన ఊహించిన జవాబు కాదు. కానీ మా మామయ్య బుల్లయ్యగారు ఊళ్ళో ఎవరి దగ్గరా మాట వెనక్కి తీసుకున్న మనిషి కాదు, అత్తయ్య వెంకటేశ్వరమ్మగారి దగ్గర అసలే తీసుకోరు. మర్నాడు తెల్లారేసరికి రెండు ట్రాక్టర్లు వచ్చాయి. పొద్దుగూకేలోపు కాయలన్నీ కాలవ అవతల, శనగ కోసేసిన చేలోకి చేరాయి. ఇంటికి ఉత్తరంగా మూడు కిలోమీటర్లు. టార్పాలిన్ పట్టాల మీద కాయలు నెరపడం అయ్యాక మామయ్య ఇంటికొచ్చి, "ఇక సుఖంగా ఆరేసుకో," అన్నారు.

మా ఆయన చైతన్యకృష్ణ ఆ రాత్రి అన్నం తింటూ నాతో మెల్లగా అన్నాడు. "తీగ నాలుగు గజాలు జరిపితే పోయేదానికి నలభై క్వింటాళ్ళు జరిపాం."

ఇదంతా జరిగినప్పుడు నా ఆడపడుచు శ్రీదివ్య ఇంట్లో లేదు. థియరీ పరీక్షలకి హైదరాబాదు వెళ్ళింది. పన్నెండు రోజులు అక్కడే ఉంది. నేను రోజూ ఫోన్లో మాట్లాడాను. గేదె ఈనిందని చెప్పాను. దూడకి చెవి మీద తెల్లమచ్చ ఉందని చెప్పాను. అత్తయ్య మెడ మీద మంట తగ్గిందని కూడా చెప్పాను. కల్లం మారిందని మాత్రం చెప్పలేదు. ఎవరమూ చెప్పలేదు. విమానం నేర్చుకునే పిల్లకి మిరప కల్లం సంగతి ఎందుకు?

మా ఊరు దర్శి దాటాక వస్తుంది. ఊరికి ఎనిమిది కిలోమీటర్లలో, ఎప్పుడో తెల్లవాళ్ళు వేసి వదిలేసిన రన్‌వే ఒకటి ముళ్ళకంపలో ఉండేది. మూడేళ్ళ కిందట ఎవరో దాన్ని బాగు చేయించి విమానాలు నేర్పే బడి పెట్టారు. మేమంతా దాన్ని ఫీల్డు అంటాం. రెండు సీట్ల చిన్న విమానాలు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా మా నెత్తి మీద తిరుగుతూ ఉంటాయి. మొదట్లో గేదెలు బెదిరేవి. తర్వాత అవి తలెత్తడం కూడా మానేశాయి. డిగ్రీ రెండో ఏడాదిలో ఉన్న దివ్య మాత్రం మానలేదు. డాబా మీద నిలబడి, ఏది ఎప్పుడు లేచింది, ఎంతసేపటికి దిగింది అని కాలేజీ నోటు పుస్తకంలో రాసుకునేది. ఆర్నెల్లు అలా రాశాక ఆ పుస్తకం తెచ్చి మామయ్య ముందు పెట్టింది.

ఆయన పుస్తకం అంతా తిప్పి చూశారు. "సరే నేర్చుకో. కానీ ఒక్క మాట. గండం తప్పింది అన్న మాట నా చెవిన ఒక్కసారి పడిందా, ఆ రోజుతో సరి. మళ్ళీ విమానం ఎక్కేది లేదు," అన్నారు.

"సరే నాన్నా," అంది దివ్య.

నేను చిలకలూరిపేటలో బి.ఎస్సీ. ఫిజిక్స్ చదివాను. పెళ్ళయ్యాక ఆ చదువు వాడింది దివ్యకి పాఠాలు అప్పజెప్పించుకోవడానికే. గాలి ఒత్తిడి, రెక్క వంపు, దిక్సూచి తప్పులు. నాకు తెలిసింది నేను చెప్పేదాన్ని, తెలియనిది తను చెప్పేది. ఆ ఫీల్డులో రాడార్ లేదని, ఏ విమానం ఎక్కడుందో నడిపేవాళ్ళే రేడియోలో ఒకరికొకరు చెప్పుకోవాలని తన దగ్గరే తెలుసుకున్నాను. చెప్పుకోవడానికి నేల మీద గుర్తులు ఉండాలి కదా. బడివాళ్ళు మూడు గుర్తులు పెట్టారు: చెరువు, రైల్వే గేటు, మంచినీళ్ళ ట్యాంకు. నాలుగోది దివ్య పెట్టింది.

మా వైపు మిరప తక్కువ. శనగ, పొగాకు, సుబాబుల్ ఎక్కువ. అందులో మా కల్లం ఒక్కటే పెద్దది. "పైనుంచి చూస్తే నేలంతా బూడిద రంగు వదినా. మధ్యలో మన కల్లం కుంకుమ బరిణె మూత తీసినట్టు ఉంటుంది," అనేది. పోయిన ఏడు మొదటిసారి ఒంటరిగా ఎగిరినప్పుడు, తిరిగొస్తూ రేడియోలో 'రెడ్ కల్లం మీద ఉన్నాను' అనేసింది. మిగతా పిల్లలకి ఆ పేరు నచ్చింది. కేరళ పిల్లలు, బీహారు పిల్లలు కూడా రెడ్ కల్లం, రెడ్ కల్లం అనడం మొదలుపెట్టారు. వాళ్ళ శిక్షకుడు కెప్టెన్ లాల్ అహ్మద్‌గారు రెండుసార్లు కోప్పడ్డారట. 'కదలని వాటి పేర్లు చెప్పండి' అని. ఆయన వింటున్నప్పుడు రైల్వే గేటు అనేవాళ్ళు. లేనప్పుడు రెడ్ కల్లం అనేవాళ్ళు.

కల్లం కాలవ అవతలకి వెళ్ళాక ఆ పేరూ దానితోపాటు అవతలకి వెళ్ళింది. పైనున్న వాళ్ళకి ఎర్రగా కనిపించేదే రెడ్ కల్లం. దివ్యకి మాత్రం అది మా పెరడే.

ఆ శనివారం పదకొండున్నరకి నేను కొత్త కల్లంలో ఉన్నాను. పన్నెండుమంది ఆడవాళ్ళు వరసగా కూర్చుని తాలు కాయలు ఏరుతున్నారు. రంగు పోయిన కాయ ఒక్కటి ఉన్నా బస్తా మొత్తానికి పేరు పోతుందని మామయ్య పట్టుదల. నాకూ అంతే. వాళ్ళు తాలు ఏరేసిన కాయల్ని నేను వంగి మళ్ళీ చూస్తున్నాను.

నా ముందు ఎర్రటి కాయల మీద ఒక నీడ జారుకుంటూ వచ్చింది. నల్లటి నీడ కాదు. నీళ్ళు చిలకరించి ఆరబోతున్న చోటులా పలుచగా ఉంది. అలవాటే కాబట్టి తలెత్తలేదు. ఇంతలో ఇటు నుంచి ఇంకో నీడ వచ్చింది. రెండూ నా ఎదురుగా ఒకదాంట్లో ఒకటి కలిశాయి. ఒక్క నీడే ఉంది. మళ్ళీ రెండయ్యాయి.

అప్పుడు తలెత్తాను. ఒక విమానం తిన్నగా ఫీల్డు వైపు పోతోంది. రెండోది బాగా కిందికి దిగి, ఒక రెక్క నేలకి వాల్చి కుడికి తిరుగుతోంది. దాని చప్పుడు రోజూ వినే చప్పుడులా లేదు.

"రచనమ్మా, చూశారా మీరు?" అంది శివపార్వతి. ముఠాకి పెద్ద తను. చేతిలో కాయ చేతిలోనే ఉంది. "దాని కడుపు కింద నుంచి ఇది దూరిందండీ. మా పిల్లలు మంచం కింద దూరినట్టు."

ఎవరో నవ్వబోయి ఆగిపోయారు.

"మన పాప గానీ ఉందా అందులో?"

"మన పాప ఇంకా హైదరాబాదులోనే ఉంది. సాయంత్రానికి వస్తుంది," అన్నాను.

ఇంటికి వచ్చి ఫోన్ చూసుకుంటే దివ్య మెసేజ్ ఉంది. పొద్దున ఎనిమిదింటికి పెట్టింది. 'రాత్రి బస్సుకే వచ్చేశాను వదినా. పదకొండుకి నా స్లాటు ఉందట. నేరుగా ఫీల్డుకి పోతున్నా. సాయంత్రం ఇంటికొస్తా.'

వెంటనే ఫోన్ చేశాను. రెండోసారికి ఎత్తింది. "బాగానే ఉన్నా వదినా. వచ్చాక మాట్లాడతా," అని పెట్టేసింది. గొంతులో ఏమీ లేదు. ఏమీ లేకపోవడంతోనే నాకు తెలిసిపోయింది.

మధ్యాహ్నం భోజనాల దగ్గర మామయ్య అడిగారు. "కల్లంలో ఏంటమ్మా సంగతులు?"

"తాలు తక్కువే వచ్చింది మామయ్యా," అన్నాను.

దివ్య ఆరింటికి స్కూటీ మీద వచ్చింది. ఇంట్లోకి రాకుండా పక్కసందులోంచి పెరట్లోకి నడిచింది. కల్లం ఉండాల్సిన చోట ఊడ్చిన నేల ఉంది. తీగ మీద అత్తయ్య దుప్పట్లు ఉన్నాయి. దివ్య వాటినే చూస్తూ నిలబడింది.

"కల్లం ఎప్పుడు మార్చారు వదినా?"

"నువ్వెళ్ళిన మూడో రోజు."

"ఎందుకు?"

చెప్పాను. చీర, మెడ మీద మంట, ట్రాక్టర్లు. నవ్వుతుందనుకున్నాను. బట్టలుతికే బండ మీద కూర్చుని, షూ లేసులు విప్పుకుంటూ మాట్లాడింది.

"కార్తిక్ రేడియోలో 'రెడ్ కల్లం, వెయ్యి అడుగులు' అన్నాడు. నేను అప్పటికి కాలవ మీద ఉన్నా. నేనూ వెయ్యి అడుగులే. ఇంకా మూడు కిలోమీటర్లు ఉందిలే అనుకున్నా. అయినా అతను ఎక్కడున్నాడో కంటితో చూడాలి కదా. మన ఇంటి మీద వెతుకుతున్నా. విమానం లేదు. కల్లం లేదు. తెల్లగా రెండు చుక్కలు కనిపించాయి. ఇవేంటి, దుప్పట్లా అనుకుని తల ముందుకి తిప్పాను. అతని రెక్క కింద రాసిన అక్షరాలు చదవగలిగాను వదినా."

"తర్వాత?"

"ముక్కు దించి కుడికి తిప్పేశా. అతను నన్ను చూడలేదు. నేను దిగాక చెప్తే నమ్మలేదు."

"ఎంత దూరంలో?"

"నలభై అడుగులు. యాభై ఉంటుందేమో. నలభై అని రాస్తా."

"రాయడమేంటి?"

"రిపోర్టు."

అప్పుడే మా ఆయన గేదె పాలు తీసుకుని అటుగా వచ్చాడు. మొత్తం విన్నాడు. బిందె కింద పెట్టి, "ఎవరికైనా దెబ్బ తగిలిందా?" అన్నాడు.

"లేదన్నయ్యా."

"అవతలివాడు చూశాడా?"

"లేదు."

"మరి ఎవరికి చెప్పాలని రాయడం? రాస్తే నీకు ఎగరడం ఆపేస్తారు. నాన్నకి తెలిస్తే అసలుకే ఆపేస్తారు. ఇంకో మూడు నెలల్లో లైసెన్సు వచ్చే పిల్లవి."

ఇంతలో కార్తిక్ ఫోన్ చేశాడు. మంగళగిరి అబ్బాయి, దివ్యతోపాటే నేర్చుకుంటున్నాడు, నెమ్మదస్థుడు, రెండుసార్లు మా ఇంటికి భోజనానికి వచ్చాడు. దివ్య స్పీకరు పెట్టింది.

"నేను చూడనేలేదు దివ్యా. చూడనిదాని గురించి నన్ను అడిగితే ఏం చెప్పాలి? లైసెన్సుకి నేను ఎగరాల్సినవి ఇంకా పన్నెండు గంటలే మిగిలాయి."

"నీ తప్పు లేదనే రాస్తా. పేరు పెట్టింది నేనే కదా."

"నీ మీద నువ్వే రాసుకుంటావా?"

"ఎవరి మీద రాయమంటావు, మా అమ్మ దుప్పట్ల మీదా?"

అవతల నవ్వు వినిపించింది, తర్వాత నిట్టూర్పు. "నీ ఇష్టం," అన్నాడు.

మా ఆయన బిందె తీసుకుని విసుగ్గా లోపలికి వెళ్ళిపోయాడు. నేను దివ్య పక్కన కూర్చున్నాను. కల్లంలో చూసింది అప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. తనకి చెప్పాను. చెప్పి, "నీడలు కలిసినంత మాత్రాన విమానాలు దగ్గరగా ఉన్నట్టు కాదనుకో. ఒకటి బాగా పైన ఉన్నా సూర్యుడి వరసలోకి వస్తే నీడలు కలుస్తాయి," అన్నాను. పొద్దుటి నుంచి నాకు నేను చెప్పుకుంటున్న మాట అది. నా ఫిజిక్సు ఆ పూట అందుకు పనికొచ్చింది.

"అవును, కలుస్తాయి," అంది దివ్య. "కానీ మేం దగ్గరగానే ఉన్నాం వదినా."

"సరే, రాసుకో. మామయ్యకి మాత్రం చెప్పకు. నేనూ చెప్పను."

దివ్య షూ చేత్తో పట్టుకుని లేచింది.

దీపాలు పెట్టాక భోజనాల బల్ల మీద ఆ కాగితం ముందు పెట్టుకుని కూర్చుంది. ఇంగ్లీషు ఫారం. నేను ఎదురుగా కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్నాను. టైము, ఎత్తు, దిక్కు, గాలి అన్నీ గబగబా నింపింది. కారణం అన్న గడి దగ్గర ఆగింది. 'గుర్తుగా వాడుతున్న స్థలం మారిన సంగతి నాకు ఎవరూ తెలియజేయలేదు' అన్న అర్థం వచ్చేలా రాసింది. కాసేపు దాన్ని చూసింది. అడ్డంగా ఒక్క గీత కొట్టేసి, కింద ఇలా రాసింది: 'కదిలే వస్తువును గుర్తుగా వాడడం నేనే మొదలుపెట్టాను. వద్దని చెప్పిన తర్వాత కూడా వాడాను.'

నేనైతే మొదటి వాక్యం ఉంచేదాన్ని. అందులో అబద్ధం ఏమీ లేదు.

కాగితం మడిచి కవరులో పెట్టి, "ఆ కూరలో కొబ్బరి వెయ్యి వదినా, హైదరాబాదులో చప్పిడి కూరలు తిని నోరు చచ్చిపోయింది," అంది.

ఆదివారం పొద్దున కవరు కెప్టెన్‌గారి చేతికి ఇచ్చింది. మధ్యాహ్నం ఇంటికొచ్చి, మామయ్య కల్లం నుంచి వచ్చి నూతి పళ్ళెం దగ్గర కాళ్ళు కడుక్కుంటుంటే వెళ్ళి నిలబడింది. ఏం జరిగిందో నాలుగు మాటల్లో చెప్పింది. ఏడవలేదు. ఎక్కువ చేయలేదు, తక్కువ చేయలేదు.

మామయ్య చెంబు పక్కన పెట్టారు. "నలభై అడుగులంటే?"

"మన డాబా మెట్టు నుంచి ఆ వేపచెట్టు దాకా."

ఆయన మెట్టు వైపు చూశారు. వేపచెట్టు వైపు చూశారు. అత్తయ్య చేతిలో గరిటెతోనే వంటింటి గుమ్మంలోకి వచ్చారు.

"రాయొద్దన్నా నాన్నా. వినలేదు," అన్నాడు మా ఆయన. చెల్లెలికి సాయం చేస్తున్నాననుకుని అన్న మాట అది.

"నేనన్నది గుర్తుందా?" అని దివ్యని అడిగారు మామయ్య.

"ఉంది నాన్నా."

"అయితే ఇక వెళ్ళమాక."

"సరే నాన్నా," అంది. అంతే. ఆ పిల్ల ఎదురుచెప్పి ఉంటే ఆయన రెండు కేకలు వేసి తేలికపడేవారేమో. ఆ అవకాశం ఇవ్వలేదు.

బుధవారం కెప్టెన్ లాల్ అహ్మద్‌గారు వచ్చారు. గుంటూరు మనిషి, ఎయిర్‌ఫోర్సులో చేసి రిటైరయ్యారు. అరవై దాటినా నిటారుగా ఉంటారు. కుర్చీ వేస్తే కూర్చోకుండా, "ముందు రెండు కల్లాలూ చూడాలండీ," అన్నారు. పెరట్లో అడుగులతో కొలిచారు. తీగ దగ్గర ఆగి, జేబులోంచి చిన్న పుస్తకం తీశారు.

"కల్లం ఇక్కణ్ణుంచి ఎందుకు మార్చారండీ బుల్లయ్యగారూ?"

మామయ్య గొంతు సవరించుకున్నారు. "పొలం పని వీలుకండీ."

"ఇక్కడ వీలుగా లేదా?"

"లేకేం."

"మరి?"

అత్తయ్య లోపలి నుంచి అందుకున్నారు. "బట్టల తీగ గురించండీ. నేనే ఎత్తేయమన్నా."

కెప్టెన్‌గారు నవ్వలేదు. 'బట్టల తీగ' అని ఇంగ్లీషులో రాసుకున్నారు. మామయ్య ఆ పుస్తకం వంక, అందులో తన పరువేదో ఇరుక్కుపోయినట్టు చూశారు.

"ఇది కూడా రాయాలాండీ?"

"రాయాలండీ. తప్పు ఎవరిదో తేల్చడానికి రాలేదు నేను. ఎలా జరిగిందో తెలిస్తే ఇంకోసారి జరక్కుండా చూసుకోవచ్చు." పుస్తకం మూసి, "ఈ వృత్తిలో ముప్పై ఎనిమిదేళ్ళున్నాను. అవతలివాడికి తెలియకుండా తప్పిపోయిన గండాన్ని తన పేరుతో తనే రాసిచ్చిన పిల్లల్ని ఒక చేతి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. మీ అమ్మాయి రాసిన కాగితం చూసి మా పిల్లలు ఇంకో ఇద్దరు, వాళ్ళకి జరిగినవి తెచ్చిచ్చారు," అన్నారు.

తర్వాత నా వైపు తిరిగారు. ఆ టైములో కల్లంలో ఎవరున్నారని అడిగారు. నేనున్నానని చెప్పాను. మామయ్య ఠక్కున నా వైపు చూశారు.

"చూసింది తెలుగులోనే రాసివ్వండమ్మా," అన్నారు కెప్టెన్‌గారు.

ఒక పేజీ రాశాను. నీడలు రెండు కలవడం చూశాను, కలిసిన క్షణాన ఆకాశం వైపు చూడలేదు, తలెత్తేసరికి ఒకటి కిందా ఒకటి పైనా ఉన్నాయి, మధ్య దూరం నేను చెప్పలేను. శివపార్వతి అన్న మాట ఆమె మాటగానే రాశాను. ఆయన చదివి, "చూడనిది రాయలేదు. బాగుంది," అన్నారు. ఆ మెచ్చుకోలు నాకు గుచ్చుకుంది. చూడనిది రాయకపోవడం సరే. చూసింది నాలుగు రోజులు దాచిన సంగతి ఆ పేజీలో ఎక్కడా లేదు.

దివ్యని మూడు వారాలు ఒంటరిగా ఎగరొద్దన్నారు. ఆ తర్వాత ఆయన పక్కన కూర్చుని మూడుసార్లు ఎగిరి చూపించాలి. కార్తిక్‌కి ఏమీ కాలేదు. రెడ్ కల్లం అన్న మాట ఫీల్డులో ఎవరూ పలకకూడదని నోటీసు పెట్టారు.

మూడు వారాలు దివ్య కల్లంలో తాలు ఏరింది. పొద్దున్న ఎండెక్కేదాకా పని, తర్వాత స్కూటీ వేసుకుని ఎటో పోయేది. సాయంత్రం వచ్చి ఒక పెద్ద కాగితం మీద ఏవో గీసేది. నాలుగు రోజులకి అర్థమైంది. ఫీల్డు చుట్టూ పది కిలోమీటర్లలో పైనుంచి కనిపించే ప్రతిదాని దగ్గరకీ వెళ్ళి, ఏడాది పొడుగునా అది అలాగే ఉంటుందా లేదా అని కనుక్కుంటోంది. తను ఎగరబోయేది లేదని తెలిసి కూడా.

ఒకరోజు మామయ్య టీ తాగుతుంటే కాగితం తెచ్చి నేల మీద పరిచింది. ఆయన పది రోజులుగా ఆమెతో మాట్లాడటంలేదు.

"నాన్నా, రైల్వే గేటు దగ్గర సుబాబుల్ తోట ఎప్పుడు కొడతారు?"

మామయ్య టీ తాగారు. కానీ పైరు గురించి అడిగితే జవాబు చెప్పకుండా ఉండటం ఆయనకి చేతకాదు. "వచ్చే ఏడు కొట్టేస్తారు. మూడేళ్ళకోసారి కొడతారుగా."

"చెరువు?"

"వేసవిలో ఎండి తెల్లబడిపోద్ది. పైనుంచి చూస్తే సున్నం పోసినట్టుంటది. దాన్ని నమ్ముకోమాక." కప్పు కింద పెట్టారు. "అయినా పొగాకు ఆరబెట్టే బ్యారన్లు వదిలేసి ఇవెందుకు రాశావు? ఆ రేకుల కప్పులు ఎక్కడికీ పోవు. వరసగా ఆరున్నాయి, గుడ్డివాడికైనా కనపడతాయి."

"ఏవి నాన్నా?"

"తూర్పు డొంకలో." ఆయన కిందకి దిగి కూర్చున్నారు. వేలు పెట్టి చూపించారు. "ఇక్కడ కాదు, ఇంకాస్త ఇటు. చెరిపి గియ్యి."

ఇద్దరూ చీకటి పడేదాకా ఆ కాగితం మీద వంగి ఉన్నారు. బడివాళ్ళు పెట్టిన మూడు గుర్తుల్లో ఒకటి, చెరువు, పనికిరాదని తేలింది. దివ్య ఆ మాట కెప్టెన్‌గారికి ఫోన్ చేసి చెప్పింది. మర్నాడు కాగితం ఫీల్డుకి కార్తిక్ చేత పంపించింది. తను వెళ్ళలేదు. ఇంట్లో ఎవరూ లేనప్పుడు కూడా, స్కూటీ తాళాలు తన దగ్గరే ఉన్నా, ఆ రోడ్డు వైపు పోలేదు. ఒకసారి డాబా మీంచి వడియాలు తెస్తూ విమానం చప్పుడుకి ఆగింది. వాచీ చూసుకుంది. తర్వాత కిందికి దిగింది. నాకు ఇరవై తొమ్మిదేళ్ళు, తనకి ఇరవై ఒకటి. ఆ మెట్ల మీద తనకి దారిచ్చి పక్కకి తప్పుకున్నాను.

మార్చి మూడో ఆదివారం మధ్యాహ్నం అందరం ఒకేసారి భోజనాలకి కూర్చున్నాం. టిక్కీలు, అదే మిరప బస్తాలు, కట్టి కాయ గుంటూరు పంపడం ముందురోజే అయిపోయింది. మామిడికాయ పప్పు, బీరకాయ కూర, పచ్చిమిరప పచ్చడి. మామయ్య పప్పన్నం తినడం ముగించారు. నేను కూర వడ్డించబోతే చెయ్యి అడ్డం పెట్టారు.

"కూర్చో అమ్మాయ్. ఒక మాట చెప్పాలి."

గిన్నె పట్టుకునే కూర్చున్నాను.

"కల్లం మార్చినట్టు దీనికి నేను చెప్పలేదు," అన్నారు దివ్య వైపు చూడకుండా. "మీ అత్తా చెప్పలేదు. రోజూ ఫోన్లు మాట్లాడుకునేవాళ్ళే."

అత్తయ్య ఏదో అనబోయారు. "ఉండు," అన్నారు మామయ్య.

"నువ్వు కళ్ళారా చూశావు. చూసి, తాలు తక్కువ వచ్చిందని చెప్పావు నాకు."

నేను తల దించుకున్నాను. "అవును మామయ్యా."

"వీడు, చెప్పబోయేదాన్ని చెప్పొద్దన్నాడు. గొప్పగా మళ్ళీ నా దగ్గరే అన్నాడు ఆ మాట." మా ఆయన పచ్చడి కలుపుకోవడం ఆపాడు. "ఇంట్లో ఐదుగురం ఉన్నాం. చెప్పింది ఇదొక్కతే. దీన్ని ఇంట్లో కూర్చోబెట్టి, చెప్పని నలుగురం ఊరంతా తిరుగుతున్నాం. ఇదేం న్యాయమో నాకైతే తెలియడంలా."

పెరట్లో దూడ అరిచింది.

"నేనన్న మాట వెనక్కి తీసుకుంటున్నా," అన్నారు. అత్తయ్య ఆయన ముఖం వంక అలా చూస్తూ ఉండిపోయారు. ఇన్నేళ్ళ కాపురంలో ఆ మాట ఆవిడ విన్నది అదే మొదటిసారి అయ్యుంటుంది. "సోమవారం నుంచి దివ్య ఫీల్డుకి వెళ్తది."

దివ్య చేతిలో ముద్ద అలాగే ఉంది. కళ్ళు నిండాయి. ముద్ద నోట్లో పెట్టుకుని, నమిలి మింగి, మంచినీళ్ళు తాగింది.

"సోమవారం ఫీల్డుకి సెలవు నాన్నా," అంది. "మంగళవారం వెళ్తా."

"మంగళవారమైతే మంగళవారమే," అన్నారు మామయ్య. కూర వెయ్యమని నాకు కంచం చూపించారు.